హెచ్‌ఐవీ క్లినిక్‌లో రోగి గుట్టు ఎక్కడ జారిపోతుంది?

2015 సెప్టెంబరు 1న లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ అనే క్లినిక్ నుంచి ఒక న్యూస్‌లెటర్ ఈమెయిల్‌లో వెళ్లింది. పంపిన ఉద్యోగి చిరునామాలన్నీ ఒకరివి ఒకరికి కనిపించని 'బీసీసీ' గడిలో పెట్టాల్సింది, 'టు' గడిలో పెట్టారు. దాంతో అందుకున్న ప్రతి ఒక్కరికీ మిగతా అందరి చిరునామాలూ కనిపించాయి. మొత్తం 781. వాటిలో 730 చిరునామాల్లో మనుషుల పూర్తి పేర్లే ఉన్నాయి.

ఆ న్యూస్‌లెటర్ ఊరందరికీ పంపేది కాదు. పరీక్షల ఫలితాలు, అపాయింట్‌మెంట్లు ఈమెయిల్‌లో తీసుకునే హెచ్‌ఐవీ రోగుల కోసం పెట్టిన సేవలో భాగం. కాబట్టి ఆ జాబితాలో పేరు కనిపిస్తే చాలు, లోపల ఏం రాశారో ఎవరూ చదవనక్కర్లేదు. జాబితాలో హెచ్‌ఐవీ లేనివాళ్లు కూడా కొందరున్నారు. చూసినవాళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2016 మేలో ఆ క్లినిక్‌ను నడిపే ఆసుపత్రి ట్రస్టుకు 1,80,000 పౌండ్ల జరిమానా వేసింది. విచారణలో ఇంకో సంగతి బయటపడింది. అదే ట్రస్టులో 2010లో కూడా ఒక ఉద్యోగి 17 మంది హెచ్‌ఐవీ రోగులకు ఇలాగే 'టు' గడిలో చిరునామాలు పెట్టి ఒక ప్రశ్నావళి పంపారు. తర్వాత కొన్ని జాగ్రత్తలు తీసుకున్నారు గానీ, సిబ్బందికి ఆ విషయంలో ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వలేదు. అయిదేళ్లు తిరిగేసరికి 17 కాస్తా 781 అయింది.

ఇది ఒక్క క్లినిక్‌తో ఆగిన పొరపాటు కూడా కాదు. 2020 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌లో హెచ్‌ఐవీపై పనిచేసే ఒక సంస్థ 105 మందికి ఇదే తరహాలో మెయిల్ పంపింది. ఆ తర్వాత లండన్‌లో మరో సేవాసంస్థ హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కోసం నడిపే కార్యక్రమంలో 264 చిరునామాలు బయటపెట్టింది. ఈ మూడు ఘటనల్లో ఎక్కడా హ్యాకర్ లేడు, దొంగ లేడు, డబ్బు కోసం డేటా అమ్ముకున్నవాడు లేడు. ఒక మామూలు పనిదినం, ఒక మామూలు ఉద్యోగి, తొందరలో ఒక గడికి బదులు ఇంకో గడి. హెచ్‌ఐవీ క్లినిక్‌లో గోప్యత గురించి మాట్లాడేటప్పుడు అందరి చూపూ పాస్‌వర్డ్‌ల మీదకీ సైబర్ దాడుల మీదకీ పోతుంది. అవి అవసరమే. కానీ గుట్టు ఎక్కువగా జారేది రోజూ చేసే పనిలోనే. ఆ పని జరిగే పద్ధతి మార్చకుండా 'జాగ్రత్తగా ఉండండి' అని సిబ్బందికి చెప్పి ఊరుకుంటే అదే పొరపాటు మళ్లీ జరుగుతుంది.

క్లినిక్‌కి రావడమే ఒక సమాచారం

చాలా జబ్బుల్లో రహస్యం ఫైలు లోపల ఉంటుంది. హెచ్‌ఐవీ విషయంలో ఫైలు ఉందన్న సంగతే రహస్యం. ఎముకల డాక్టర్ దగ్గర కూర్చున్న మనిషిని చూసి ఎవరూ రెండోసారి ఆలోచించరు. హెచ్‌ఐవీ క్లినిక్ బోర్డు కింద కనిపించిన మనిషి గురించి సాయంత్రానికి నలుగురు మాట్లాడుకుంటారు. ఈ జబ్బుకు మందులు జీవితాంతం వాడాలి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షకీ, మందులు తీసుకోవడానికీ ఏళ్ల తరబడి ఆ గుమ్మం తొక్కుతూనే ఉండాలి. ఎవరో ఒకరి కంట పడే అవకాశం వచ్చిన ప్రతిసారీ ఉంటుంది.

వైద్యపరంగా పరిస్థితి చాలా మారింది. క్రమం తప్పకుండా మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తక్కువకు తగ్గి, అలాగే నిలిచిన వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. పెద్ద అధ్యయనాలు దీన్ని నిర్ధారించాయి. అయినా మనుషుల భయం అంత త్వరగా పోలేదు. ఉద్యోగం పోవడం, ఇల్లు ఖాళీ చేయమనడం, పెళ్లి చెడిపోవడం, ఇంట్లో దెబ్బలు తినడం ఇప్పటికీ జరుగుతున్నాయి. ఒకసారి తెలిసిపోయిన విషయాన్ని తెలియనట్టు చేయడం ఎవరి వల్లా కాదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, బ్యాంకు కార్డు పోతే కొత్తది తెచ్చుకోవచ్చు. దీనికి అలాంటి మార్గమే లేదు.

దీని ప్రభావం ఆ ఒక్క మనిషితో ఆగదు. గుట్టు నిలవదని పేరు పడిన క్లినిక్‌కి జనం పరీక్షకు రారు. వచ్చినవాళ్లు తప్పుడు పేరు, తప్పుడు ఫోన్ నంబరు ఇస్తారు. ఆ తర్వాత మందులు ఆపేసిన మనిషిని వెతుకుదామన్నా దొరకరు. హెచ్‌ఐవీ పరీక్ష ఎలా ఉండాలో చెబుతూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన అయిదు షరతుల్లో వ్యక్తి సమ్మతి, కౌన్సెలింగ్, సరైన ఫలితం, చికిత్సకు అనుసంధానంతో పాటు గోప్యత కూడా ఉండటానికి కారణం ఇదే. గోప్యత లేని చోట మిగతా నాలుగూ నిలబడవు.

కౌంటర్ దగ్గర

గుట్టు మొదట జారే చోటు రిజిస్ట్రేషన్ కౌంటర్. వరుసలో నిలబడిన మనిషిని అద్దం అవతల నుంచి 'ఎందుకొచ్చారు?' అని అడుగుతారు. అద్దం అడ్డు కాబట్టి గట్టిగా అడుగుతారు. జవాబు కూడా గట్టిగానే చెప్పాలి. వెనక నిలబడిన ముగ్గురికీ అంతా వినిపిస్తుంది. లోపలికి పిలిచేటప్పుడు పూర్తి పేరుతో పిలుస్తారు. మందుల కిటికీ దగ్గర ఫార్మసీ ఉద్యోగి డబ్బా ఎత్తి పట్టుకుని 'ఇది రాత్రిపూట వేసుకోండి' అంటాడు. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందరూ తమ పని తాము చేస్తున్నారు. కానీ పది నిమిషాల్లో ఆ మనిషి గుట్టు మూడుసార్లు బయటపడింది.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. పేరుకు బదులు టోకెన్ నంబరుతో పిలవవచ్చు. వచ్చిన కారణం నోటితో అడగకుండా చీటీ మీద టిక్ పెట్టించవచ్చు. వరుసకీ కౌంటర్‌కీ మధ్య నాలుగడుగులు ఖాళీ ఉంచవచ్చు. కంప్యూటర్ తెర రోగుల వైపు తిరిగి లేకుండా చూడవచ్చు. హెచ్‌ఐవీ సేవలను విడిగా ఒక గదిలో, పెద్ద బోర్డు కింద పెట్టకుండా మిగతా వైద్య సేవలతో కలిపి నడిపితే ఎవరు దేనికి వచ్చారో చూసేవాళ్లకు తెలియదు. కలిపి నడపడంలో ఒక చిక్కు ఉంది. ఫైలు చేతులు మారే చోట్లు పెరుగుతాయి. అందుకే ఆ ఏర్పాటుతో పాటు ఎవరు ఏ పేజీ వరకు చూడవచ్చో కూడా తేల్చుకోవాలి.

రక్షణ కోసం పెట్టిన గుర్తే గుట్టు విప్పేయడం కూడా చాలాచోట్ల జరుగుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి ఫైలుకు వేరే రంగు అట్ట వేస్తారు. వార్డులో మంచానికి ఒక స్టిక్కర్ అంటిస్తారు. కేస్‌షీట్ మీద ఎర్ర సిరాతో ఒక అక్షరం రాస్తారు. 'సిబ్బంది జాగ్రత్తపడాలి కదా' అన్నది దీనికి చెప్పే కారణం. నాలుగు రోజుల్లో ఆ రంగుకు అర్థం ఏమిటో ఊడ్చేవాళ్ల దగ్గర్నుంచి పక్క మంచం రోగి బంధువుల దాకా అందరికీ తెలిసిపోతుంది. నిజానికి ఈ గుర్తు వల్ల సిబ్బందికి ఒరిగేదేమీ లేదు. ప్రతి రోగి రక్తాన్నీ సోకే అవకాశం ఉన్న రక్తంగానే చూడాలని, గ్లౌజులు, సూదుల జాగ్రత్తలు అందరి దగ్గరా ఒకేలా పాటించాలని 1980ల్లోనే నియమం వచ్చింది. పరీక్ష చేయించుకోని మనిషికి ఏ గుర్తూ ఉండదు మరి. గుర్తు చూసి గ్లౌజు వేసుకునే అలవాటు సిబ్బందికే ప్రమాదం.

కవరు, ఫ్యాక్సు, ఫోను

2017 జులైలో అమెరికాలోని ఏట్నా అనే ఆరోగ్య బీమా సంస్థ సుమారు 12,000 మందికి ఉత్తరాలు పంపింది. చిరునామా కనిపించేలా ముందు భాగంలో పారదర్శకమైన కిటికీ ఉండే కవర్లవి. కాగితం కవరులో కొంచెం కదిలితే చాలు, పేరు కింద ఉన్న వాక్యంలో హెచ్‌ఐవీ మందుల ప్రస్తావన కూడా ఆ కిటికీలోంచి కనిపించింది. ఆ ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ చూశాడు, ఇంట్లో ఉన్నవాళ్లు చూశారు, అద్దె ఇంట్లో కలిసి ఉండేవాళ్లు చూశారు. అందుకున్నవాళ్లలో హెచ్‌ఐవీ రాకుండా ముందుజాగ్రత్తగా మందు వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. కోర్టులో కేసు నడిచి, 2018లో సుమారు 1.7 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ సంస్థకు కంప్యూటర్ భద్రత లేక కాదు. కవరును చేత్తో పట్టుకుని, ఒకసారి అటూ ఇటూ ఊపి చూసిన మనిషి లేక ఇదంతా జరిగింది.

2017లోనే న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రికి 3,87,200 డాలర్ల భారం పడింది. ఒక రోగి తన వివరాలను తన సొంత పోస్ట్ బాక్స్‌కి పంపమని అడిగారు. ఆసుపత్రి ఉద్యోగి వాటిని ఆయన పనిచేసే ఆఫీసుకు ఫ్యాక్స్ చేశారు. అందులో హెచ్‌ఐవీ సంగతి కూడా ఉంది. రోగి తనకు ఏం కావాలో ముందే స్పష్టంగా చెప్పారు. ఆ మాట పంపే మనిషి దాకా చేరలేదు, లేదా చేరినా కళ్లముందు లేదు. ఫైలు మొదటి పేజీ మీదే 'ఈ రోగికి ఎలా పంపాలి, ఎలా పంపకూడదు' అన్నది రాసి ఉంచి, పంపేముందు అది చూడకపోతే పని ముందుకు కదలని ఏర్పాటు ఉండాలి.

ఫోను సంగతి ఇంకా సున్నితం. అపాయింట్‌మెంట్‌కు రాని మనిషికి ఫోన్ చేయడం చికిత్సకు అవసరం. కానీ ఫోన్ ఎత్తేది ఆ మనిషే అని ఏముంది? ఇంట్లో ఒకే ఫోను నలుగురు వాడుకోవచ్చు. 'ఫలానా క్లినిక్ నుంచి మాట్లాడుతున్నాం, మందులు అయిపోయాయి కదా' అన్న ఒక్క మాటతో అంతా అయిపోతుంది. ఫోన్ చేయవచ్చా, ఏ వేళలో చేయవచ్చు, వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పాలి, మెసేజ్ పెట్టవచ్చా, పెడితే అందులో ఏ పదాలు ఉండకూడదు అని మొదటిరోజే రోగిని అడిగి రాసుకోవాలి. ఫోన్ నంబర్లు మారినట్టే ఇంటి పరిస్థితులు కూడా మారతాయి. కాబట్టి ఒక్కసారి అడిగి వదిలేయకుండా ఆరునెలలకో ఏడాదికో మళ్లీ అడగాలి.

చెప్పాల్సినప్పుడు ఎంతవరకు

గోప్యత అంటే ఎవరికీ ఏమీ చెప్పకపోవడం అనుకుంటే వైద్యం సాగదు. హెచ్‌ఐవీ చికిత్సలో కొన్నిచోట్ల వాడే రిటోనవిర్ అనే మందు, ఆస్తమా రోగులు పీల్చే ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్‌ను శరీరంలో పేరుకుపోయేలా చేస్తుంది. ఈ రెండూ కలిస్తే రోగికి గట్టి హాని జరగవచ్చు. ఆస్తమా డాక్టర్‌కు ఆ మందు గురించి తెలిసి తీరాలి. అలాగని అదే ఆసుపత్రిలో బిల్లు వేసే గుమాస్తాకు తెలియనవసరం లేదు. స్కానింగ్‌కు పంపే చీటీ మీద రాయనవసరం లేదు. వైద్యం చేసేవారిలో కూడా ఎవరికి ఏ పనికి ఎంత అవసరమో అంతే అందాలి. అందే ముందు అది రోగికి తెలిసి ఉండాలి. 'ఈ మందు సంగతి మీ ఊపిరితిత్తుల డాక్టర్‌కు చెప్పాలి, లేకపోతే మీకే ఇబ్బంది' అని కారణంతో సహా చెబితే చాలామంది కాదనరు. తమకు తెలియకుండా తమ గురించి మాట్లాడుకున్నారన్నదే మనసుకు గుచ్చుకుంటుంది.

జీవిత భాగస్వామికి చెప్పే విషయం అన్నిటికన్నా కష్టమైనది. వాళ్లకు కూడా పరీక్ష అందాలి, అది వాళ్ల ప్రాణానికి సంబంధించిన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసిన పద్ధతి స్వచ్ఛందమైనది. రోగి ఒప్పుకుంటే ఆరోగ్య సిబ్బంది సాయం చేస్తారు. రోగి తానే చెప్పవచ్చు, కౌన్సెలర్ ఎదుట చెప్పవచ్చు, లేదా రోగి పేరు ఎత్తకుండా సిబ్బందే వెళ్లి 'మీరు పరీక్ష చేయించుకోవడం మంచిది' అని చెప్పవచ్చు. పేరు ఎత్తకపోయినా, ఆ మనిషి జీవితంలో ఉన్న భాగస్వామి ఒక్కరే అయితే ఎవరి వల్ల వచ్చారో ఇట్టే అర్థమవుతుంది. ఈ సంగతి ముందే రోగికి చెప్పి, ఇంట్లో హింస జరిగే భయం ఉందా అని అడిగాకే అడుగు వేయాలి. ఆ ప్రశ్న అడగకుండా తలుపు తట్టే కౌన్సెలర్ మంచి మనసుతోనే ఒక మహిళను రోడ్డున పడేయవచ్చు.

జాబితాలు పోగుపడితే

క్లినిక్ గోడలు దాటాక వివరాలు పై కార్యాలయాలకు వెళ్తాయి. ఎంతమందికి మందులు కావాలి, ఎక్కడ కేసులు పెరుగుతున్నాయి అన్న లెక్క లేకపోతే ఏ ప్రభుత్వమూ పని చేయలేదు. లెక్కకు సంఖ్యలు చాలు. పేర్లతో ఉన్న జాబితా ఒకచోట పోగుపడితే అది జారినప్పుడు జరిగే నష్టం కూడా అంత పెద్దగానే ఉంటుంది. 1996లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఆరోగ్యశాఖ దగ్గరున్న సుమారు 4,000 మంది పేర్లు ఒక డిస్క్‌లో రెండు పత్రికల కార్యాలయాలకు చేరాయి. 2019 జనవరిలో సింగపూర్ ఆరోగ్యశాఖ తమ హెచ్‌ఐవీ రిజిస్టరులోని 14,200 మంది వివరాలు ఇంటర్నెట్‌లోకి వెళ్లాయని ప్రకటించింది. పేర్లు, గుర్తింపు నంబర్లు, ఫోన్లు, చిరునామాలు, పరీక్ష ఫలితాలు అన్నీ అందులో ఉన్నాయి. రిజిస్టరును చూసే అధికారం ఉన్న ఒక వైద్యాధికారి దగ్గర్నుంచి, ఆయనకు సన్నిహితుడైన వ్యక్తి చేతికి అవి చేరాయి. తాళంచెవి ఉన్నవాడి ఇంట్లోంచే సరుకు పోతే తాళం ఎంత గట్టిదైనా ఏం లాభం? ఆ రిజిస్టరు డౌన్‌లోడ్ చేయాలంటే ఇద్దరి అనుమతి కావాలన్న నియమాన్ని సింగపూర్ 2016 సెప్టెంబరులో పెట్టింది. వివరాలు మాత్రం అంతకుముందే గడప దాటాయి.

పేర్లు తీసేస్తే సరిపోతుందన్న ధీమా కూడా పనికిరాదు. పోస్టల్ కోడ్, పుట్టినతేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో లెక్కగట్టి చూపించారు. ఒక చిన్న ప్రాంతంలో '34 ఏళ్ల గర్భిణి, పాజిటివ్' అని రాస్తే పేరు రాయనక్కర్లేదు.

జారిపోయాక రోగికి చెప్పాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. సింగపూర్‌లో ఆ వైద్యాధికారి సన్నిహితుడి దగ్గర వివరాలున్నాయని ఆరోగ్యశాఖకు 2016లోనే తెలుసు. అప్పట్లో పోలీసులు వాటిని స్వాధీనం చేసుకున్నారు కాబట్టి, ప్రకటిస్తే రోగులు అనవసరంగా ఆందోళన పడతారని శాఖ భావించింది. ఆ ఆలోచనలో దయ ఉంది, కాదనలేం. అయినా అది తప్పు నిర్ణయమే అనిపిస్తుంది. తన గుట్టు బయటికి పోయిందని ముందుగా తెలిసిన మనిషి ఇంట్లో తానే చెప్పుకోవచ్చు, ఆఫీసులో ఏం మాట్లాడాలో ఆలోచించుకోవచ్చు. వేరేవాళ్ల నోట విన్న మనిషికి ఆ వ్యవధి ఉండదు.

ఎవరు చూశారు?

ఇంతవరకు చెప్పినవన్నీ బయటివాళ్లకు పొక్కిన సంగతులు. లోపలివాళ్లే చూసినప్పుడు ఏమవుతుందో ఫిన్లాండ్‌లో ఒక నర్సు కథ చెబుతుంది. కోర్టు రికార్డుల్లో కూడా ఆమెను 'ఐ' అనే ఒక్క అక్షరంతోనే పిలిచారు. 1987 నుంచి ఆమె ఒక ఆసుపత్రిలోని అంటువ్యాధుల విభాగంలో హెచ్‌ఐవీకి చికిత్స తీసుకుంటున్నారు. 1989 నుంచి అదే ఆసుపత్రిలో కళ్ల విభాగంలో కాంట్రాక్టు నర్సుగా పనిచేశారు. 1992లో తోటి ఉద్యోగుల మాటతీరు మారినట్టు అనిపించింది. తన జబ్బు సంగతి వీళ్లకు తెలిసిపోయిందన్న అనుమానం వచ్చింది. అప్పట్లో ఆ ఆసుపత్రి సిబ్బంది ఎవరైనా రోగుల రిజిస్టరు తెరిచి చూసే వీలుండేది. ఆమె తన డాక్టర్‌కు చెప్పాక నియమాలు మార్చి, చికిత్స చేసే విభాగం మాత్రమే చూసేలా పెట్టారు. ఆమె పేరు కూడా రిజిస్టరులో మార్చి రాశారు. 1995లో ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

తన ఫైలును ఎవరెవరు తెరిచారో చెప్పండి అని ఆమె 1996లో అధికారులను అడిగారు. చెప్పలేమన్నది జవాబు. రిజిస్టరులో చివరి అయిదు సందర్శనలే కనిపిస్తాయి, అవి కూడా ఏ విభాగం చూసిందో చెబుతాయి గానీ ఏ మనిషి చూశాడో చెప్పవు. ఫైలు తిరిగి భద్రపరిచే గదికి వెళ్లగానే ఆ కాస్త గుర్తూ చెరిగిపోతుంది. ఆమె కోర్టుకు వెళ్లారు. తోటి ఉద్యోగులు చూశారనడానికి గట్టి రుజువు లేదని దేశంలోని కోర్టులు కేసు కొట్టేశాయి. రుజువు ఉండాల్సిన చోటే ఆసుపత్రి దాన్ని ఉంచుకోలేదు. లేని రుజువును తెమ్మని ఆమెను అడిగారు.

2008 జులై 17న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పు ఇచ్చింది. ఎవరు చూశారో రోగి నిరూపించాలనడం అన్యాయమని, అనధికారికంగా ఎవరూ చూడలేని ఏర్పాటు, చూస్తే తర్వాత పట్టుకోగల ఏర్పాటు ఆసుపత్రిలో ఉండాల్సిందని, అది లేకపోవడమే ఆమె హక్కుకు భంగమని చెప్పింది. నష్టం జరిగాక పరిహారం కోరవచ్చన్న చట్టం ఒక్కటే సరిపోదని, రక్షణ ఆచరణలో పనిచేయాలని అంది. ఆమె పడ్డ వేదనకు 8,000 యూరోలు ఇప్పించింది.

ఆ తీర్పు ప్రతి క్లినిక్‌కూ పనికొస్తుంది. నలుగురు ఒకే పాస్‌వర్డ్ వాడుకునే కంప్యూటర్‌లో ఎవరు ఏం చూశారో తేలదు. చూసిన ప్రతిసారీ గుర్తు నమోదవుతున్నా, దాన్ని ఎవరూ తీసి చదవకపోతే ఉన్నా లేనట్టే. నెలకోసారి ఒక బాధ్యుడు ఆ జాబితా ముందేసుకుని, ఈ రోగికి సంబంధం లేని ఈ ఉద్యోగి ఈ ఫైలు ఎందుకు తెరిచాడు అని అడగాలి. సొంత ఆసుపత్రిలో చికిత్స తీసుకునే సిబ్బంది ఫైళ్లను ముందుగా చూడాలి, కుతూహలం అక్కడే ఎక్కువ. ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ, డేటా ఎంట్రీ చేసే తాత్కాలిక ఉద్యోగులు సహా అందరిచేతా రహస్యం కాపాడతామన్న పత్రం మీద సంతకం తీసుకోవడం మంచిదే. కానీ ఒకరోజు ఎవరో ఒకరు 'మీరు నిన్న ఆ ఫైలు ఎందుకు తెరిచారు?' అని నిజంగా అడిగితేనే ఆ సంతకానికి బరువు వస్తుంది.

ఆ ఫిన్లాండ్ ఆసుపత్రి 1998 మార్చిలో తన రిజిస్టరును మార్చింది. అప్పటినుంచి ఎవరు తెరిచినా తర్వాత వెతికి పట్టుకునే వీలుంది. పక్కనే ఉన్న ఎస్తోనియాలో ఇప్పుడు రోగి ఇంట్లో కూర్చుని తన ఆరోగ్య రికార్డు తెరిస్తే, దాన్ని ఇంతకుముందు ఎవరెవరు చూశారో ఆ జాబితా కూడా కనిపిస్తుంది. 1996లో ఆ నర్సు అడిగింది ఆ జాబితానే.